నాయినమ్మ కుట్ల దగ్గరికి ఆ క్రిమి ఎక్కడి నుంచి వచ్చింది?

పోయినేడు మా నాయినమ్మకు పిత్తాశయంలో రాళ్లు తీశారు. చందుర్తికి తీసుకొచ్చిన ఐదో రోజు కుట్ల దగ్గర చీము పట్టింది. మళ్లీ అదే ఆసుపత్రికి పరుగు. చీము టెస్టుకు పంపితే రిపోర్టులో ఒకే పేరు: స్టాఫిలోకాకస్ ఆరియస్. కింద ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో పట్టిక.

"ఇది ఇక్కడ అంటిందా, ఇంట్ల అంటిందా సార్?" అని అడిగిన. "అది చెప్పలేం బాబూ" అన్నారు డాక్టరు.

నిజమే, ఆ రిపోర్టుతో చెప్పలేరు. ప్రతి పది మందిలో దాదాపు ముగ్గురి ముక్కులో ఈ బ్యాక్టీరియా ఊరికే కాపురం ఉంటుంది. నాయినమ్మ ఒంటి మీదిదే కావచ్చు, డ్రెస్సింగ్ చేసిన చేతిదీ కావచ్చు. పేరు ఒకటే, బ్రాంచులు వేరు.

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకేరోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. మిగతావాళ్లను నిమ్స్‌కు, అపోలోకు తరలించారు. ఇన్ఫెక్షనే కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. ఇలాంటి చోట అసలు ప్రశ్న క్రిమి పేరు కాదు. అందరిలో ఉన్నది ఒకే క్రిమి సంతానమా, కాదా? ఒకటే అయితే దాని వెనక ఒక పరికరమో, ఒక చెయ్యో ఉంటుంది. వేర్వేరైతే వెతకాల్సిన చోటే మారిపోతుంది.

దాన్ని తేల్చే పనినే స్ట్రెయిన్ టైపింగ్ అంటారు. 1998లో వచ్చిన ఎమ్‌ఎల్‌ఎస్‌టీ పద్ధతిలో బ్యాక్టీరియా జన్యువుల్లో ఏడింటి నుంచి చిన్న ముక్కలు చదువుతారు. ఒక్కో ముక్క ఏ రకమో దానికో నంబరు. ఏడు నంబర్లు కలిస్తే ఒక టైపు. మన దేశంలో తరచూ కనిపించే ఎస్‌టీ 22, ఎస్‌టీ 772 అట్లా వచ్చిన పేర్లే. కానీ ఇద్దరు పేషెంట్లలో ఎస్‌టీ 22 దొరికిందంటే ఒకరి నుంచి ఒకరికి అంటిందని కాదు. మీ ఫోన్‌లో, నా ఫోన్‌లో ఒకే ఆండ్రాయిడ్ వెర్షన్ ఉన్నంత మాత్రాన నా ఫోన్ మీరు కొట్టేసినట్టా?

అందుకే ఇప్పుడు మొత్తం జీనోమే చదువుతున్నారు. స్టాఫ్‌కు సుమారు 28 లక్షల అక్షరాలు. ఏడాదికి మారేవి పదిలోపే. రెండు శాంపిళ్లను పక్కపక్కన పెట్టి, మేం కోడ్‌కు 'డిఫ్' తీసినట్టే, తేడాలు లెక్కపెడతారు. రెండు మూడే ఉంటే దగ్గరి చుట్టాలు, వందలుంటే సంబంధమే లేదు. సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసిన మా మామ దీన్ని నాకన్నా తొందరగా పట్టుకున్నడు: "పడుగుల ఒక పోగు తెగితే ఆ గీత బట్ట పొడుగునా వస్తది. గీత చూస్తే ఏ సాంచాదో తెల్వదా?"

2011లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో, పసిపిల్లల వార్డులో సరిగ్గా ఇదే జరిగింది. మందులకు లొంగని స్టాఫ్ నెలల తరబడి పిల్లల్లో బయటపడుతూ వచ్చింది. వార్డంతా కడిగించారు. 64 రోజులు ఏమీ లేదు. హమ్మయ్య అనుకునేలోపు మరో పాప. జీనోమ్ చూస్తే పాత క్రిమే! అంటే మధ్యలో అది ఎక్కడో దాక్కుంది. 154 మంది సిబ్బందిని పరీక్షిస్తే ఒకరి దగ్గర దొరికింది. ఆ మనిషికి జబ్బేమీ లేదు, తన ఒంటి మీద అది ఉన్నట్టు కూడా తెలియదు. చికిత్స ఇచ్చారు, అంతే. తప్పు పట్టడానికి కాదు, ఇంకో పాపకు అంటకుండా ఆపడానికి.

ఇదంతా చదివాక నాకు ఆశ పుట్టింది. నాయినమ్మ శాంపిల్‌నూ, అదే వారం ఆ వార్డులో ఇంకెవరికైనా చీము పట్టి ఉంటే వాళ్లదీ పోల్చొచ్చు కదా అని ల్యాబ్‌కు ఫోన్ చేసిన. రెండు నెలలైంది మరి.

"ఆ ప్లేట్లు వారంలోనే పారేస్తం సార్" అన్నడు అటువైపు కుర్రాడు. "ఇప్పటిదాకా ఎవరూ అడగలే."