భూమి కదిలినప్పుడు మీకేమి తెలిసింది?

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం 7 గంటల 27 నిమిషాలకు తెలంగాణలోని ములుగు జిల్లాలో భూకంపం వచ్చింది. దాని పరిమాణం 5.3. ఖమ్మం, హైదరాబాదు, విజయవాడలలో కూడా ప్రజలకు ఆ కుదుపు తెలిసింది. అది మన సంఘాలలో పాలు పోసే వేళ. అప్పుడు మీ ఊరిలో క్యానులోని పాలు కదిలాయా? పశువులు బెదిరాయా? ఏమీ తెలియలేదా? ఇవి ఊసుపోక అడిగే ప్రశ్నలు కావు. ఏ నేలకు ఎంత ప్రమాదమున్నదో శాస్త్రజ్ఞులు అంచనా కట్టడానికి ఇటువంటి సమాధానాలు ఎంతో అవసరం.

పరిమాణం వేరు, తీవ్రత వేరు

భూగర్భంలో వెలువడిన శక్తికి కొలత పరిమాణం. ఒక భూకంపానికి అది ఒక్కటే. తీవ్రత మాత్రం ఊరూరికీ మారుతుంది. గుడిగంట ఒకటే అయినా గుడి వాకిట ఒక తీరుగా, ఊరి చివర చేలో మరొక తీరుగా వినిపిస్తుంది కదా!

తీవ్రతను 12 మెట్లుగా లెక్కించే ఎం.ఎస్.కె. పద్ధతి ఒకటి ఉన్నది. మూడవ మెట్టులో ఇంట్లో ఉన్న కొద్దిమందికే, లారీ పోయినట్లు తెలుస్తుంది. నాలుగవ మెట్టులో గిన్నెలు, తలుపులు చప్పుడవుతాయి. అయిదవ మెట్టులో నిద్రపోయేవారు మేల్కొంటారు, నిండు పాత్రలు కొద్దిగా తొణుకుతాయి. ఆరవ మెట్టులో జనం భయపడి బయటకు వస్తారు, పశువులు పాకలు విడిచి పరుగెత్తుతాయి, గోడల పూత చిట్లుతుంది. ఇవన్నీ పాడిరైతు కంటబడే గుర్తులే.

ప్రజల మాటతో గీసిన పటాలు

ప్రతి ఊరిలోనూ కొలిచే యంత్రం పెట్టడం సాధ్యం కాదు. 1881 డిసెంబరు 31న బంగాళాఖాతంలో వచ్చిన భూకంపాన్ని, 1897 జూన్ 12న అస్సాంలో వచ్చిన మహాభూకంపాన్ని భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన ఆర్.డి. ఓల్డ్‌హామ్ పరిశీలించారు. ఎక్కడ ఎలా తెలిసిందో వివరాలు సేకరించారు. ఆ వివరాలు నేటి శాస్త్రజ్ఞులకు కూడా ఉపయోగపడుతున్నాయి.

మన నేల సంగతి

1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం వద్ద 5.7 పరిమాణం గల భూకంపాలు వచ్చాయి. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో వచ్చిన భూకంపం కోస్తా అంతటా తెలిసింది.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నేల గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. కొద్ది లోతులోనే నీరు పడుతుంది. మెత్తని నేల కుదుపును పెంచుతుంది. గట్టి కుదుపు వస్తే నీరు నిండిన ఇసుక పట్టు తప్పుతుంది. 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ వద్ద భూకంపం వచ్చినప్పుడు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహమ్మదాబాదులో కూడా మేడలు కూలాయి. అక్కడిదీ నది వేసిన ఒండ్రు నేలే. కనుక దూరాన్ని చూసి ధైర్యపడరాదు. పాత ఏటిపాయ పూడిన చోట ఒక తీరు, మెరక మీద మరొక తీరు ఉండవచ్చు. ఊరూరి నుంచి సమాచారం అందితేనే ఆ తేడా బయటపడుతుంది. ఇల్లు, బడి, పాలకేంద్రం ఎక్కడ ఎంత పటిష్టంగా కట్టుకోవాలో నిర్ణయించుకోవడానికి అది ఆధారమవుతుంది.

సభ్యులు చేయవలసినవి

1. ముందు ప్రాణరక్షణ, తరువాతే వివరాలు.
2. సమయం, ఊరు, మీరు ఇంట్లో ఉన్నారా బయట ఉన్నారా, కూర్చున్నారా నడుస్తున్నారా అన్నది రాసుకోండి.
3. చూసినది చూసినట్లే చెప్పండి. ఇరుగుపొరుగు మాట కలపవద్దు.
4. తెలియకపోతే ‘తెలియలేదు’ అనే చెప్పండి. తెలిసినవారే చెప్పి తెలియనివారు ఊరుకుంటే పటం తప్పుదారి పట్టిస్తుంది. పాలు ఎక్కువ పోసినవారిని మాత్రమే లెక్కిస్తే ఊరి పాడి సంగతి తెలియదు కదా!
5. ఢిల్లీలోని జాతీయ భూకంప కేంద్రం తన వెబ్‌సైటులో ఇటువంటి సమాచారం స్వీకరిస్తుంది. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత పంపించండి.

ఈ సమాచారం రేపటి భూకంపాన్ని ముందుగా చెప్పదు. అది వచ్చినప్పుడు ఎక్కడ ఎక్కువ నష్టం కలుగుతుందో ఈనాడే తెలుసుకోవడానికి పనికివస్తుంది. సంఘ కార్యదర్శులు దీనిని పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాము.