కుందేటికి ఏమి పెట్టవలెను?



పాడిపశువులను గూర్చియు, ఎద్దులను గూర్చియు చెప్పవలసిన చోట కుందేటి మేతను గూర్చి ప్రసంగమేల యని మీరు అనుకొనవచ్చును. ఇప్పుడు పట్టణములందే కాక పల్లెలందును పిల్లలు ముచ్చటపడి తెల్లకుందేళ్లను కొని తెచ్చుకొనుచున్నారు. తెచ్చినవారు పిల్లలు, వాని మేత చూడవలసినవారము మనము. మనము చూడనిచో ఆ మూగజీవము మన యింటనే, మన ప్రేమవలననే ప్రాణము విడుచును. ఇది నేను వినిన మాట కాదు; నా యింట జరిగిన సంగతి.

కొన్ని సంవత్సరముల క్రిందట నా మనుమడు ఒక కుందేటిపిల్లను తెచ్చెను. ఇంటిల్లిపాదికిని దానిపై ప్రేమ కలిగెను. ఉదయమున నేను పెరుగన్నము పెట్టుచుంటిని. మా యింటివారు చపాతీముక్కలు వేయుచుండిరి. పిల్లవాడు బిస్కత్తులును, క్యారెట్టు దుంపలును పెట్టుచుండెను. బొమ్మల పుస్తకములలో కుందేటి చేత క్యారెట్టు ఉండుట చూచి, అదియే దానికి ముఖ్యాహారమని మేమందరమును నమ్మితిమి. పెరటిలో గరిక ఉన్నది గదా, కొంచెము వేయరాదా యని పొరుగువారొకరు అడిగిరి. "సీమకుందేలు గడ్డి తిని బ్రతుకునా?" అని నేనే ఆ మాటను త్రోసిపుచ్చితిని. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న సామెత నాయందు నిజమయ్యెను.

ఏడాది గడచెను. ఒకనాటి సాయంకాలము అది ఒక మూలకు ఒదిగి కదలక కూర్చుండెను. "తాతయ్యా, ఇది తినదేమి?" అని పిల్లవాడు అడిగెను. ఒక పూట లంఖణము పశువునకు మేలే గదా యని తలచి, "రేపటికి తినునులే" అని చెప్పితిని. తెల్లవారునప్పటికి దాని పొట్ట ఉబ్బెను. పెంటికలు వేయుట మానెను. పశువైద్యునియొద్దకు కొనిపోగా, ఆయన దాని నోరు తెరచి చూపించెను. దవడపండ్ల అంచులు ములుకులవలె పెరిగి నాలుకను గీరుచుండెను. ఆయన నన్ను చూచి, "అయ్యా, మీరు ఆవులను పెంచిన పెద్దలు. ఆవునకు గడ్డి మానిపించి అన్నమును రొట్టెను పెట్టుదురా?" అని అడిగెను. నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆ మధ్యాహ్నమే కుందేలు చనిపోయెను. పిల్లవాడు నన్నేమియు అనలేదు. అదియే నాకు ఎక్కువ బాధ కలిగించెను.

తరువాత ఆ వైద్యునివలన నేర్చుకొన్న సంగతులను మీకు మనవి చేయుచున్నాను.

మన యిండ్లలో పెంచు కుందేళ్లు స్పెయిను, పోర్చుగల్ దేశముల అడవి కుందేళ్ల సంతతివి. అవి మెట్టనేలలలో గడ్డి మేసి బ్రతికిన జాతి. మన పొలములలో పరుగెత్తు చెవులపిల్లి వేరు జాతి. దానిని పట్టి పెంచరాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కాపాడుచున్నది.

కుందేటికి 28 పండ్లు. అవి యన్నియు జీవితాంతము పెరుగుచునే యుండును. ముందరి పండ్లు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. పొడవైన గడ్డిపరకను దవడ ప్రక్కకు ఆడించుచు నమలుటవలననే అవి తగినంతగా అరుగును. అన్నమునకును రొట్టెకును అంత నమలుట అక్కరలేదు గనుక పండ్లు అరుగవు. నోటిలో పుండు పడిన జంతువు ఆకలి యున్నను తినలేదు.

ఇక కడుపు సంగతి. ఆవునకు మేత పులియు సంచి ముందుభాగమున నున్నది. కుందేటికి అట్టి సంచి చిన్నప్రేగు దాటిన తరువాత నున్నది. అందులో కంటికి కనబడని సూక్ష్మజీవులు పీచును కరగించును. అక్కడ తయారైన సారమును కుందేలు మెత్తని, మెరయు గుత్తులుగా విసర్జించి, వెంటనే నోటితో అందుకొని మ్రింగును. దీనిని చూచి అసహ్యపడరాదు. మాంసకృత్తులును బి విటమినులును దానికి ఆ విధముగా లభించును. ఆవు నెమరు వేయుట యెట్టిదో, ఇదియు నట్టిదే. ఆ మెత్తని గుత్తులు తినక నేలపై మిగిలియున్నచో, మేతలో గడ్డి చాలలేదనియు, పిండియో తీపియో ఎక్కువైనదనియు సాధారణముగా గ్రహింపవచ్చును.

ప్రేగులను కదలించునది గడ్డిలోని పొడవైన పీచు. పీచు తగ్గి పిండి యెక్కువైనప్పుడు ప్రేగుల కదలిక మందగించి, లోపల వాయువు నిండును. కుందేటికి వాంతి చేసికొను శక్తి లేదు. గింజలు దొంగిలించి తిన్న ఆవు కడుపుబ్బి పడిపోవుటను మీరు చూచియుందురు. ఇదియు అట్టి ఆపదయే.

కాబట్టి గడ్డియే దానికి అన్నము. తక్కినవన్నియు కూరలు, పచ్చళ్లవంటివి. పగలును రాత్రియు దానియెదుట గడ్డి ఉండవలెను. దినమునకు దాని దేహమంత పోగు వేయవలెను. గరిక మంచిది, గినీగడ్డియు మంచిదే. వానిని కోసి ఆరబెట్టి నిలువ చేసికొనవచ్చును. వరిగడ్డిలో సారము తక్కువ గనుక అది పడకకు పనికివచ్చును గాని దానితోనే పోషింపరాదు. లూసర్ను ఆరు నెలల లోపు పిల్లలకును, పాలిచ్చు తల్లులకును తగును. పెద్దవానికి నిత్యము పెట్టినచో అందలి సున్నము ఎక్కువై మూత్రములో చిక్కగా దిగి బాధించును.

ఆకుకూరలు కిలో బరువునకు ఒక గుప్పెడు చాలును. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, క్యారెట్టు ఆకు మంచివి. పాలకూర, తోటకూర అప్పుడప్పుడు కొద్దిగా పెట్టవచ్చును. క్యారెట్టు దుంప తీపి వస్తువు. వారమునకు రెండు మూడు మారులు బొటనవ్రేలంత ముక్క చాలును. అరటిపండు ఒక చిన్న బిళ్లకు మించరాదు. అంగడిలో దొరకు గుళికల దాణా పెట్టదలచినచో కిలో బరువునకు దినమునకు 25 గ్రాములు మించకుండ పెట్టవలెను.

అన్నము, రొట్టె, బిస్కత్తు, బెల్లము, శనగలు, మొక్కజొన్నలు, పాలు, పెరుగు పెట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప ఆకు, టమాటా ఆకు కూడదు. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదము విషములు. లేతజొన్నవలన పశువులకు నాము తగులుట మీరెరిగినదే. దానిని కుందేటికిని వేయరాదు. పురుగుమందు చల్లిన చేని గట్టు గడ్డిని ఎన్నడును కోయరాదు. బూజు పట్టిన మేతయు, పోగుపడి వేడెక్కిన పచ్చగడ్డియు పారవేయవలసినవే.

నీరు ఎల్లప్పుడు ఉండవలెను. కిలో బరువునకు దినమునకు 50 నుండి 150 మిల్లీలీటర్ల వరకు త్రాగును. ఎండకాలమున ఇంకను ఎక్కువ కావలెను. తేలికపాత్రను తన్ని ఒలుకబోయును గనుక బరువైన మట్టిమూకుడు మేలు. నీరు తక్కువైనచో మేత తినుటయు తగ్గును.

క్రొత్తగా తెచ్చిన కుందేటికి మేతను ఒక్కసారిగా మార్చరాదు. అంతకుముందు ఏమి తినుచుండెనో అడిగి తెలిసికొని, పాతదానిని వారము పది దినములలో కొంచెము కొంచెముగా తగ్గించి, గడ్డిని పెంచవలెను. కడుపులోని సూక్ష్మజీవులు క్రొత్త మేతకు అలవాటు పడుటకు అంత కాలము కావలెను.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు. లంఖణము కుందేటికి ప్రాణాంతకము. అది ఒక పూట మేత ముట్టకున్నను, పెంటికలు వేయకున్నను, "రేపు చూతము" అని నావలె అనవద్దు. ఆ పూటనే పశువైద్యునియొద్దకు కొనిపోవలెను. ప్రతి ఉదయమును పెంటికలు చూచుకొనుడు. గుండ్రముగా, పొడిగా, సమానముగా నున్నచో ఆ జీవి సుఖముగా నున్నదని అనుకొనవచ్చును.

రెండేండ్లు మా యింట మరల కుందేటి మాట ఎవరును ఎత్తలేదు. పిమ్మట మనుమడే వచ్చి, "తాతయ్యా, గడ్డి నీవే కోసెదవా?" అని అడిగెను. కోసెదనంటిని. ఇప్పుడు మా పెరటిలో రెండు కుందేళ్లున్నవి. చవితినాడు వినాయకుని పూజకు ఏ గరికను కోయుదుమో, ఆ గరికనే ప్రతి ఉదయమును వానికి కోసి వేయుచున్నాను. గడ్డి విలువ తెలిసినవారు మీరు. మీ మనుమల కుందేళ్లకును ఆ విలువను గుర్తుచేయుడని వేడుచు, సెలవు తీసికొనుచున్నాను.