సాక్షి చెప్పడానికి ఎవరొస్తారు?

అమెరికా ప్రెసిడెంటు గొడవ మా జగ్గయ్యపేట మిరపకాయల దాకా వచ్చిందంటే నమ్ముతారా? వచ్చింది. 1998 ఫిబ్రవరిలో పురిటికి నేను పుట్టింట్లో ఉన్నాను. వసారాలో పది మంది ఆడవాళ్లు కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే, మా తమ్ముడు పేపరు చదివి వినిపించేవాడు. క్లింటన్, మోనికాల సంగతి విన్నంతసేపూ ముసిముసి నవ్వులే. కానీ మోనికా వాళ్లమ్మను కూడా పిలిచి అడుగుతున్నారని చదివేసరికి చేతులాగిపోయాయి.

"కన్నతల్లిని పిలిచి కూతురి గుట్టు చెప్పమంటారా? అదేం దేశమమ్మా!" అంది మా రంగమ్మ పిన్ని.

ఆ తల్లి పేరు మార్షా లూయిస్. గ్రాండ్ జ్యూరీ అంటే మామూలు జనంలోంచి ఎంచిన పదహారు మొదలు ఇరవైమూడు మంది ముందు జరిగే విచారణ. ఆ గదిలో జడ్జి ఉండడు, సాక్షి తన ప్లీడరును లోపలికి తీసుకెళ్లడానికి వీల్లేదు. రెండో రోజుకు ఆవిడ తట్టుకోలేక కూలబడిపోయింది. భార్యాభర్తలు ఒకరి గుట్టు ఒకరు బయటపెట్టనక్కర్లేదని అక్కడి చట్టంలో ఉంది గానీ, తల్లీకూతుళ్లకు ఆ వెసులుబాటు లేదు. మన దగ్గరా అంతే సుమండీ! 1872 నాటి సాక్ష్య చట్టం 122వ సెక్షన్ భార్యాభర్తల మధ్య మాటలకే రక్షణ ఇచ్చింది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ ఆ పద్ధతినే ఉంచింది. కూతురు తల్లి ఒళ్లో తల పెట్టుకుని చెప్పుకున్న మాటకు ఏ రక్షణా లేదు.

ఆ కేసులో సాక్షులను వరసగా చూస్తే ఎక్కువ మంది మనసు చంపుకుని వచ్చిన ఆడవాళ్లే. ప్రెసిడెంటు సెక్రటరీ బెట్టీ కర్రీ, ఆయన ఇచ్చిన కానుకల పెట్టెను మోనికా దగ్గర్నుంచి తెచ్చి మంచం కింద పెట్టింది. (మంచం కింద మనం మాత్రం దాచనిదేముంది!) అటు యజమాని, ఇటు ప్రమాణం. మధ్యలో ఆవిడ. సూసన్ మెక్‌డౌగల్ అనే ఆవిడైతే క్లింటన్‌కు సంబంధించిన ఇంకో వ్యవహారంలో గ్రాండ్ జ్యూరీకి జవాబివ్వనని మొండికేసి ఏడాదిన్నర జైల్లో కూర్చుంది. ఇష్టంగా వచ్చిన సాక్షి ఎవరయ్యా అంటే లిండా ట్రిప్. స్నేహితురాలు ఫోనులో గోడు వెళ్లబోసుకుంటే టేపు చేసిన మనిషి! మా వసారాలో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది ఆవిడే, క్లింటన్ కాదు.

జనం తీరు చూడండి. 1998 డిసెంబరు 19న ప్రతినిధుల సభ క్లింటన్‌ను అభిశంసించింది. అబద్ధ సాక్ష్యం అభియోగం మీద 228-206, న్యాయానికి అడ్డుపడ్డాడన్నదాని మీద 221-212. సరిగ్గా ఆ రోజుల్లోనే గాలప్ సర్వేలో నూటికి 73 మంది ఆయన పనితీరు బాగుందన్నారు! 1999 ఫిబ్రవరి 12న సెనేట్ వదిలేసింది. శిక్షకు 67 ఓట్లు కావాలి, రెండింట్లోనూ యాభై దాటలేదు. నందిగామలో మా ఆయన స్నేహితులకు ఇదంతా జోకుల సరుకు. ఆడవాళ్లం అడిగిన మొదటి ప్రశ్న మాత్రం "వాళ్లావిడ ఏమంది?" అని. రెండోది... చెప్పడానికి సిగ్గేస్తోంది, "ఆ పిల్లకు బుద్ధి లేదా?" అని. ఆ వ్యవహారం మొదలయ్యేనాటికి ఆ పిల్ల ఇరవై రెండేళ్లది, ఆయనకు యాభై దగ్గర పడ్డాయి. ఈ లెక్క అప్పుడు మాలో ఒక్కరం వేయలేదు.

మన దేశంలో రాష్ట్రపతిని అభిశంసించిన సందర్భం లేదు. రాజ్యాంగం 61వ అధికరణంలో దారి ఉంది, ఎవరూ నడవలేదు. కానీ రాష్ట్రపతి బోనెక్కిన సందర్భం ఉంది, అదీ తెలుగువాళ్ల కథే. 1969 ఎన్నికలో వి.వి.గిరి గారు గెలిచారు, నీలం సంజీవరెడ్డి గారు ఓడారు. రెడ్డి గారి మీద అసభ్యమైన కరపత్రం పార్లమెంటు సభ్యులకు పంచారు కాబట్టి ఎన్నిక చెల్లదని కేసు పడింది. 1970లో గిరి గారు పదవిలో ఉండగానే స్వయంగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. ఆ కేసులోనూ టేపురికార్డరు ఉంది. ఒక సాక్షి తాను అనలేదన్న మాటను టేపు వినిపించి నిలదీయవచ్చని కోర్టు ఒప్పుకుంది. చివరికి ఆ ఏడు సెప్టెంబరులో పిటిషన్లు కొట్టేశారు. లిండా ట్రిప్‌కు దాదాపు ముప్ఫై ఏళ్ల ముందు సంగతి ఇది.

ఇక నా సంగతి.

పురుడయ్యాక నందిగామ అత్తారింటికి వచ్చాను. మా పక్కింటి కోడలు అంతకు ముందు సంవత్సరం ఒక రాత్రి మా పెరటి తలుపు కొట్టింది. గాజులు పగిలి ముంజేయి నిండా రక్తం. నేనే పసుపు అద్ది గుడ్డ కట్టాను. తర్వాత 498-ఎ కేసయింది. కానిస్టేబులు ఇంటికొచ్చి రాసుకుంటే చూసింది చూసినట్టు చెప్పాను. 1998 సెప్టెంబరులో కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. క్లింటన్ సాక్ష్యం వీడియో టీవీలో చూపించిన రోజులే అవి. 'ఉంది' అన్న మాటకు మీరు ఏ అర్థం చెబుతారన్నదాన్ని బట్టి ఉంటుందని ఆయన వాదిస్తుంటే మేమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

"మనకెందుకమ్మాయ్? రేపు పొద్దున లేస్తే వాళ్ల మొహమే చూడాలి" అంది మా అత్తగారు. మా ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయన చెప్పడం. చంకలో చంటిదాన్ని వేసుకుని వెళ్లాను. ప్లీడరు గారు, "ఆ రాత్రి ఆమె మీ ఇంటికి వచ్చిందా?" అని అడిగారు.

"సరిగ్గా గుర్తులేదండీ" అన్నాను.

అంతే! రెండు నిమిషాల పని. నన్ను ఎదురు తిరిగిన సాక్షి అన్నారు. ఇంకో ఇద్దరూ అలాగే చెప్పారు, కేసు పోయింది. కోర్టు వరండాలో ఆ అమ్మాయి తల్లి కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. "చంటిపిల్ల ఏడుస్తోంది, పాలు పట్టమ్మా" అంది, అంతే.

అప్పుడు నాకు తెలియనివి కొన్ని మీకు చెప్పాలి. సాక్షిగా విచారించడానికి ఆడవాళ్లను స్టేషనుకు రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. విచారణలో వాళ్లు రాసుకున్న వాంగ్మూలం మీద మనం సంతకం చేయనక్కర్లేదు. కోర్టుకు వచ్చిపోయే ఖర్చులు ప్రభుత్వం ఇచ్చేలా కోర్టు ఆదేశించవచ్చు. బెదిరింపులుంటే రక్షణ కోరవచ్చు. సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు దేశమంతా అమలు చేయమంది. అయితే అత్తగారి "మనకెందుకు" నుంచి కాపాడే పథకం అందులో నాకు కనిపించలేదు. అబద్ధం చెబితే శిక్ష కూడా ఉందని మరవకండి. గుజరాత్ బెస్ట్ బేకరీ కేసులో మాట మార్చిన జహీరా షేక్‌కు 2006లో సుప్రీంకోర్టు ఏడాది జైలు వేసింది. సొంతవాళ్లు మంటల్లో పోయిన పిల్ల ఆమె. ఎవరెవరు భయపెడితే మాట మార్చిందో గానీ, జైలుకు వెళ్లింది మాత్రం తను.

కొన్నేళ్ల తర్వాత పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరునాళ్లకు వెళ్లాను. అత్తింటి నిందలు మోసిన ఇల్లాలే కదా ఆ తల్లీ! ఆ రద్దీలో వరండాలో చూసిన ఆమే నన్ను గుర్తుపట్టి పలకరించింది. కూతురు కోదాడలో మిషను కుట్టుకుంటోందట, బాగానే ఉందట.

"ఆ రాత్రి నాకంతా గుర్తే పిన్నీ" అన్నాను.

"తెలుసమ్మా" అని కొబ్బరిచిప్ప నా చేతిలో పెట్టి, మునేటి వైపు వెళ్లిపోయింది.