విదేశ విద్య – స్వస్థల పునరాగమనము

విదేశమున చదువు ముగించుకొని వచ్చిన యువకుని సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని ఇరుగుపొరుగువారు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: “మళ్ల ఎప్పుడు పోతవు బిడ్డా?” ఆ మాటలో వాత్సల్యమే తప్ప వేరొకటి లేదు. అయినను తిరుగు టిక్కెట్టు లేక వచ్చినవానికి అది ముల్లువలె గ్రుచ్చుకొనును. ఇల్లు చేరినందుకు సంతోషము, చేరినందుకే సంకోచము. ఈ రెండును ఒకే మనస్సున ఏల ఇముడుచున్నవో శ్రోతలకు వివరింపదలచితిమి.

పూర్వము చదువుకై సముద్రము దాటినవాడు తిరిగి వచ్చుటకే వెళ్లెడివాడు. కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి వైస్ ఛాన్సలరైరి. వి.వి. గిరిగారు 1913లో డబ్లినుకు పోయి న్యాయశాస్త్రము చదివి 1916లో మరలి వచ్చిరి. వచ్చినవానిని ఊరు ఎదురేగి తీసికొనిపోయెడిది; “ఏల వచ్చితివి?” అని అడుగువారు లేరు. రానివారును ఉండిరి. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల తొలినాళ్లలో హార్వర్డుకు వెళ్లి, 1948లో న్యూయార్కులో కన్నుమూయువరకు స్వదేశమును మరల చూడలేదు. ఆ మహనీయుని కథలో మనము మందుల పేర్లే చెప్పుకొందుము. ఎదురుచూచిన ఇల్లాలిని తలచువారు తక్కువ.

నేటి స్థితి వేరు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడుదలైన పిదప ఎడమకాలువ క్రింద వరి విస్తరించినది, మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు వెలసినవి. కాలువ నీరు వడ్లగింజగాను, వడ్లగింజ ఇంజనీరింగు ఫీజుగాను మారినదనిన అతిశయోక్తి కాదు. అటుపై మెట్టు అమెరికా. 2023–24 విద్యాసంవత్సరమున ఆ దేశమున చదువుచుండిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను మించి మన దేశము ప్రథమస్థానమున నిలిచినది.

పూర్వము విద్యార్థివేతనము పంపెడిది. నేడు పెక్కుమందిని పంపునది ఋణము. దాని వెనుక తండ్రి ఇల్లో పొలమో హామీగా నిలుచును. ఒక లెక్క చూతము. 40 లక్షల రూపాయల అప్పును నూటికి 11 వడ్డీతో పదేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు 55,000 కట్టవలెను. చివరకు కట్టిన మొత్తము 66 లక్షలు దాటును. డాలర్ల జీతమునకు ఇది మోయదగిన బరువే. హైదరాబాదులో క్రొత్తగా ఉద్యోగమున చేరినవానికి జీతములో అధికభాగము దీనికే పోవును. గడువు 15 ఏండ్లకు పెంచిన నెలసరి వాయిదా 45,500 దాపునకు దిగునుగాని, మొత్తము 80 లక్షలు మించును. కనుక ఇల్లు చేరినవాని కలతలో సగము కేవలము అంకగణితమే. దానిని బెంగయనియు, దిగులనియు పేర్లు పెట్టుట కంటె, తండ్రీకొడుకులు కాగితము ముందిడుకొని కూర్చుండుట మేలని మా అభిప్రాయము. చాల ఇండ్లలో ఆ కాగితము బయటికి రాదు. కొడుకు తనకు ఉద్యోగము లేని సంగతి దాచును. తండ్రి బ్యాంకు నోటీసు దాచును.

మరియొక సంగతి. తానై వచ్చినవాడు వేరు, రావలసివచ్చినవాడు వేరు. అమెరికాలో పట్టము పొందినపిమ్మట ఉద్యోగ శిక్షణకు 12 నెలలు, విజ్ఞానశాస్త్ర సాంకేతిక విద్యలవారికి మరి 24 నెలలు అనుమతి దొరకును. మొదటి 12 నెలలలో పని లేని దినములు 90 మించరాదు. అటుపిమ్మట హెచ్–1బి వీసా. ఏటేట నియమితమైన 85,000 స్థానములకు కోరువారు ఎక్కువగుటచే లాటరీ వేయుదురు. 2025 సెప్టెంబరులో క్రొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుమును ప్రకటించిరి. చీటీ రాకపోవుటకును తెలివి లేకపోవుటకును సంబంధమేమి? అయినను ఊరి కంటికి వచ్చినవారందరును ఒక్కటే. తల్లికి మోకాళ్ల నొప్పులని ఉన్న ఉద్యోగమును వదలి వచ్చినవాడును “అక్కడ కుదరలేదట” అను మాట పడవలసినదే. వచ్చినది కూతురైనచో ఆమె కష్టము ఇంకను ఎక్కువ. పెట్టె విప్పకమునుపే పెండ్లి ప్రసక్తి వచ్చును.

అప్పు లేనివారికిని ఈ కలత తప్పదు. 1955లో లీస్‌గార్డ్ అను పండితుడు అమెరికాకు వెళ్లి వచ్చిన నార్వే విద్యావంతులను ప్రశ్నించి, పరదేశమున మనస్సు మొదట పొంగి, తరువాత క్రుంగి, క్రమముగా కుదుటపడునని తెలిపెను. 1963లో గల్లాహార్న్ దంపతులు, ఇల్లు చేరిన పిదపను ఇట్టి ఎత్తుపల్లములే మరల వచ్చునని చెప్పిరి. పరదేశమున వింత యుండునని ముందే తెలియును. ఇంట వింత యుండునని ఎవరనుకొందురు? తలుపు మూసికొని ఒంటరిగా కూర్చుండుటకు అలవాటుపడినవానికి, చెప్పకుండ వచ్చి మంచముపై కూర్చుండు మేనమామ పరాయివాడుగా తోచును. అట్లు తోచినందుకు సిగ్గును కలుగును. అక్కడ చలిలో తలచి తలచి కన్నీరు పెట్టుకొన్న ఊరును ఇతడు వెళ్లిననాటి ఊరు కాదు. దురాజుపల్లి పెద్దగట్టు జాతర రెండేండ్ల కొకసారి వచ్చును. అయిదేండ్లు దూరమైనవానికి రెండు జాతరలైనను తప్పినట్లే. ఆ నడుమ పోయిన తాతలు, పుట్టిన పిల్లలు, అమ్ముడుపోయిన చెలకలు అతని లెక్కలో లేవు.

ఇక, ఇంటికి వచ్చుట యనగా నిజముగా ఎచ్చటికి వచ్చుట? చదివిన చదువునకు తగిన పని సూర్యాపేటలోనో కోదాడలోనో దొరకుట అరుదు. కావున పెక్కుమంది వచ్చి నిలుచునది హైదరాబాదున. సూర్యాపేట అచటికి సుమారు 135 కిలోమీటర్లు. కోదాడ అదే జాతీయ రహదారిపై ఇంకను ముందు. శనివారము రాత్రి వచ్చి, ఆదివారము మధ్యాహ్నము అమ్మ చేతి భోజనముచేసి, సాయంకాలము బస్సెక్కువారు వీరు. అమెరికాలో ఉండగా దినమునకొకసారి ఫోనులో మాటాడిన కుమారుడు, ఇంత దగ్గరకు వచ్చినపిమ్మట వారమునకొకసారియే మాటాడుచున్నాడని ఒక తల్లి మాతో నవ్వుచునే చెప్పినది. అయినను నడిరాత్రి తండ్రికి ఛాతీలో నొప్పి వచ్చినదని తెలిసిన, తెల్లవారకముందే చేరుకొనగల దూరమది.