పాత చేతిపెట్టె కంప్యూటరు, నేటి సెల్‌ఫోను: రెంటికిని మాట కలుపుట

మా పాఠశాల విజ్ఞానశాస్త్రపు గదిలో ఈ సంవత్సరము చేరిన యొక వస్తువును గూర్చి తలిదండ్రులు పలువురు మమ్ము ప్రశ్నించియున్నారు. పాత యంత్రమునకై పిల్లల కాలమును, సంఘము ధనమును వ్యయపరచనేల యనువారును కలరు. వారి సంశయము న్యాయమైనదే. కావున ఆ యంత్రమెట్టిదో, తీగ లేకయే దానిని సెల్‌ఫోనుతో మాటలాడించుట యెట్లో వివరింప నెంచితిమి.

దాని పేరు టీఆర్‌ఎస్-80 మోడల్ 100. జపానులోని క్యోసెరా సంస్థ తయారుచేయగా, అమెరికాలో రేడియో షాక్ దుకాణములవారు 1983లో విక్రయించిరి. బరువు ఒకటిన్నర కిలోకు లోపు. తెరపై 8 పంక్తులు, పంక్తికి 40 అక్షరములు. జ్ఞాపకస్థానము 8 మొదలు 32 కిలోబైట్ల వరకు మాత్రమే. నేటి ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమైనను అందు పట్టదు. అయినను చిన్న బ్యాటరీలు నాలుగింటితో సుమారు 20 గంటలు పనిచేయును, మీట నొక్కినంతనే సిద్ధమగును. అందుచేతనే ఆ దినములలో పత్రికా విలేఖరులు దీనిని వెంటగొనిపోయి టెలిఫోను తీగ మీదుగా వార్తలు పంపుచుండిరి. ఇందలి ప్రోగ్రాములలో కొంత భాగమును బిల్ గేట్స్ స్వయముగా వ్రాసెను.

యంత్రము వెనుక 25 రంధ్రములు గల ద్వారమొకటి కలదు. ఆర్‌ఎస్-232 అను ఈ పద్ధతి 1960లో ఏర్పడినది. అక్షరమును 8 బిట్లుగా విడదీసి, చీమలబారువలె ఒకదాని వెంట నొకటి పంపుట దీని తీరు. బ్లూటూత్ అన్ననో, చాల పిన్నది. దానిని నిర్వహించు సంస్థల కూటమి 1998లో వెలసినది. పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు హరాల్డ్ బ్లూటూత్ పేరు దానికి పెట్టిరి. దానిని రూపొందించినవారు పాతదానిని మరువలేదు. ‘సీరియల్ పోర్ట్ ప్రొఫైల్’ అను నియమావళి నొకదానిని అందు చేర్చిరి. దానివలన రేడియో తరంగమే తీగవలె నటించును. నడుమ తీగ లేదన్న సంగతి పాత యంత్రమునకు తెలియనే తెలియదు.

ఇందుకు హెచ్‌సీ-05 అను చిన్న పలక అంగడులలో దొరకును. కాని దానిని నేరుగ ఆ ద్వారమునకు తగిలించిన మాడిపోవును. ఏలయన, ఆర్‌ఎస్-232 భాషలో ‘1’ అనగా ఋణ వోల్టులు, ‘0’ అనగా ధన వోల్టులు. పలక భాషలో ‘1’ అనగా 3.3 వోల్టులు, ‘0’ అనగా సున్న. ఇంట తెలుగు, వీథిలో తమిళము పలుకు మన హోసూరు పిల్లలకు ఈ చిక్కు వేరుగ చెప్పనక్కరలేదు. ఇరువురి నడుమ దుబాసీ యొకడు వలయును. మ్యాక్స్3232 అను చిప్పు గల మార్పిడి పలకయే ఆ దుబాసీ. ద్వారములో 2వ రంధ్రము నుండి మాట వెలువడును, 3వ దానిలో ప్రవేశించును, 7వది ఉభయులకును సామాన్యమైన భూమి. ఈ మూడింటితో పని గడచును. ద్వారము నుండి విద్యుత్తు లభింపదు గనుక పలకలకు వేరుగ సరఫరా నీయవలెను. రెండు పలకలకును కలిపి కొన్ని వందల రూపాయలే యైనవి.

తరువాత వేగములు కుదురవలెను. యంత్రములోని టెల్‌కామ్ ప్రోగ్రాము తెరచి, ఎఫ్3 నొక్కి, 88ఎన్1ఇ అని వ్రాయవలెను. మొదటి 8 అనగా సెకనుకు 9600 బిట్లు. రెండవ 8 అక్షరమునకు బిట్ల సంఖ్య. హెచ్‌సీ-05 సాధారణముగా ఈ వేగముతోనే వచ్చును. ఆండ్రాయిడ్ ఫోనులో సీరియల్ టెర్మినల్ అను జాతి యాప్ నుంచుకొని, పలకను జతపరచునపుడు 1234 అను సంఖ్య నొసగిన చాలును. ఐఫోనులు ఇట్టి పలకను అంగీకరింపవు. అక్షరమునకు ముందు వెనుకల గుర్తులతో కలిపి 10 బిట్లు పట్టును గనుక సెకనుకు 960 అక్షరములు పోవును. 32 కిలోబైట్లకు అర నిమిషము మించి కొంచెము. నాటి టెలిఫోను వేగమైన సెకనుకు 300 బిట్లతో ఇదియే 18 నిమిషములు! ఫోను నుండి యంత్రమునకు పంపునపుడు మాత్రము తొందర కూడదు. ముసలి తెర అందుకొనలేదు. పంక్తి పంక్తికి కొంత విరామ మీయవలెను. పని ముగియగనే పలకను ఆపవలెను. సుమారు 10 మీటర్ల లోపల నున్న యెవరైనను 1234 అని చెప్పి లోనికి రాగలరు.

ఇక ప్రయోజనము. మా పూర్వ విద్యార్థి యొకరు అమెరికా నుండి ఈ యంత్రముతోబాటు టేప్ కేసెట్లు మూడు తెచ్చియిచ్చిరి. ఈ యంత్రము వ్రాతలను ఆ కేసెట్లపై ధ్వనిగా దాచుకొనును. వాటిలో ఆయన తండ్రిగారు తమ ఊరివారికి వ్రాసికొన్న ఉత్తరములు కలవు. భాష తెలుగు, యంత్రమునకు తెలుగు లిపి రాదు గనుక అక్షరములు ఇంగ్లీషువి. అయస్కాంతపు పూత వయసుతో చెడును. ఒక కేసెట్టు ఇప్పటికే పలుకుట లేదు. తక్కిన రెంటిని యంత్రములోనికెక్కించి, ఎఫ్4 నొక్కి, పిమ్మట ఎఫ్3తో ఫోనునకు పంపుటయే మా పిల్లలు చేసిన పని. యంత్రము లోపల జ్ఞాపకమును కాపాడు చిన్న బ్యాటరీ కారి పలకలను తినివేయు ప్రమాదము కలదు గనుక దానిని ముందే మార్పించితిమి.

ఫోనునకు చేరిన పిమ్మట ఎనిమిదవ తరగతివారు ఆ ఉత్తరములను తెలుగు లిపిలోనికి మార్చుచున్నారు. ఇచటనే యంత్రములు చేయలేని పని మిగిలియున్నది. ఎల్ అను ఒక్క అక్షరమే ల యగును, ళ యగును. ఎన్ అనునది న యో, ణ యో తేలదు. మన ప్రాంతపు పలుకుబడులు, చేని పేర్లు కొన్ని పిల్లలకు పరిచయము లేవు. అట్టి మాటలను వేరొక కాగితముపై వ్రాసి ఇండ్లకు పంపుచున్నాము. తాతలును అవ్వలును చదివించుకొని విని, సరియైన రూపమును పిల్లలచేత వ్రాయించి శనివారము లోపల పంపవలెనని కోరుచున్నాము.