రాగిరేకు ఆంటెన్నాకు కొలతయే ప్రాణము

తిరుపతి సమీపమున గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యముపై పనిచేయు రాడార్ ఒకటి కలదు. దానికి 1,024 యాగీ ఆంటెన్నాలు. వరుసకు 32 చొప్పున 32 వరుసలుగా అవి సుమారు 130 మీటర్ల చదరమును ఆక్రమించినవి. దాని తరంగదైర్ఘ్యము 5.66 మీటర్లు, ఆంటెన్నా కమ్మీ పొడవు అందులో దాదాపు సగము. ఆ ప్రయోగశాలవారే 1,280 మెగాహెర్ట్జ్‌పై నిర్మించిన గాలి రాడార్‌లో కమ్మీలకు బదులు పలకకు అంటించిన రాగిరేకు తునకలున్నవి. తరంగము కురుచయైనకొలది ఆంటెన్నాయు చిన్నదగును.

మదనపల్లె ప్రాంతమున రామసముద్రము విద్యార్థులు టొమాటో తోటలోని నేల తేమను రేడియో మూలమున బడికి తెలుపు పరికరము చేయదలచిరనుకొనుడు. భారతదేశమున 865 మొదలు 868 మెగాహెర్ట్జ్ వరకు అల్పశక్తి పరికరములకు లైసెన్సు అక్కరలేదు. 866 మెగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యము 34.6 సెంటీమీటర్లు, అందులో నాల్గవ వంతు 86.5 మిల్లీమీటర్లు. గాజునూలు పలకమీద తరంగవేగము కొంత తగ్గును గనుక రాగిగీత ఇంకను కొంచెము పొట్టిగా ఉండవలెను. ఎంత పొట్టి యనునది పలక మందముపైన, గీత వంపులపైన ఆధారపడును. అందుచేత పరీక్షించి చూచిన ఆకారమునే యథాతథముగా బోర్డు గీయు ప్రోగ్రాములోనికి దిగుమతి చేయుట మేలు.

సాధారణముగా ఆకారము డి.ఎక్స్.ఎఫ్. ఫైలుగా వచ్చును. అందులో సంఖ్యలుండును, అవి అంగుళములో మిల్లీమీటర్లో తెలుపు గుర్తు మాత్రము ఒక్కొక్కప్పుడు ఉండదు. 3.41 అంగుళములను ప్రోగ్రాము 3.41 మిల్లీమీటర్లుగా గ్రహించినచో ఆకారము చూపునకు చక్కగానే కనబడును. కాని అది 866కు గాక దాదాపు 22,000 మెగాహెర్ట్జ్‌కు సరిపడు ఆంటెన్నా! తోటనుండి బడికి ఒక్క మాటయు చేరదు.

గీత వచ్చినంతమాత్రమున రాగి రాదు. ఆకారపు అంచు ఎక్కడను తెగక చుట్టును మూసికొనవలెను. వెంట్రుకవాసి సందున్నను ప్రోగ్రాము లోపల రాగిని నింపదు. కీక్యాడ్ వంటి ఉచిత ప్రోగ్రాములో ఆ మూసిన రూపమును రాగి పొరపైకి తెచ్చి, ప్యాడ్‌గా మార్చి, రేడియో తీగ వచ్చి కలియు చోటును గుర్తింపవలెను.

అసలు చిక్కు ఇక్కడ ఎదురగును. బోర్డులపై తరచుగా కనబడు ఆంటెన్నా ఎఫ్ అక్షరమును పరుండబెట్టినట్లుండును. దాని ఒక కాలు గ్రౌండ్‌కు, రెండవకాలు రేడియోకు కలిసియుండును. ప్రోగ్రాము దీనిని చూచి షార్టు అయినదని మొరపెట్టును. బ్యాటరీ విద్యుత్తు విషయమున ఆ మొర న్యాయమే. ఒక కొన గోడలో బిగించిన వెదురుబద్దను ఊపి చూడుడు: బిగింపు దగ్గర కదలిక లేదు, విడికొనయందు అత్యధికము. అట్లే గ్రౌండ్ కాలి వద్ద వోల్టేజి శూన్యము, విడికొన వద్ద గరిష్ఠము. నడుమ తగినచోట రెండవకాలు తగిలించినచో రేడియోకు కావలసిన 50 ఓముల నిరోధము లభించును. ఆ కాలు చోటు మారినచో ఈ పొందిక చెడును. కావున షార్టును తొలగించుటకై గ్రౌండ్ కాలిని కత్తిరింపరాదు; ఈ కలయిక ఉద్దేశపూర్వకమైనదని ప్రోగ్రామునకు తెలుపవలెను. కీక్యాడ్‌లో ఇందుకు నెట్ టై అను ఏర్పాటు కలదు.

ఆంటెన్నా క్రిందను ప్రక్కలను గ్రౌండ్ రాగి పాకకుండ అన్ని పొరలలోను నిషిద్ధ ప్రదేశము గీయవలెను. పిదప బోర్డును తయారీకి పంపకముందే నిజపరిమాణమున కాగితముపై అచ్చువేసి, జామెట్రీ పెట్టెలోని స్కేలుతో కొలిచి చూడవలెను. మూల చిత్రములో ఎనిమిది సెంటీమీటర్లున్న గీత కాగితముపై మూడు మిల్లీమీటర్లున్నచో ఆ తప్పు అక్కడనే, ఒక కాగితపు ఖర్చుతో, బయటపడును.