రాజశేఖర చరిత్రము: అరుగు మీది గౌరవము

“ఇంట ఈగల మోత, బయట పల్లకీ మోత” యని మన పెద్దలు చెప్పుదురు. లోపల కుండలు వట్టివై యున్నను వీథిలో వైభవము చూపువానిని గూర్చి పుట్టిన సామెత యిది. ఈ సామెతలోని సత్యమునే కథగా పెంచి, నవ్వించుచు బుద్ధి గరపిన గ్రంథము మన తెలుగున నొకటి కలదు. అది కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’. దానిని గూర్చి మన విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును కొంత తెలుపగోరుచున్నాము.

పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమున జనించి, 1919లో మదరాసున దివంగతులైరి. వారును మావలె బడిపంతులే. ధవళేశ్వరమందలి ఆంగ్ల పాఠశాలకు కొంతకాలము ప్రధానోపాధ్యాయులుగ నుండిరి. కథానాయకుని యిల్లును ఆ యూరనే యుండుట గమనింపదగినది. తాము 1874లో స్థాపించిన ‘వివేకవర్ధని’ పత్రికలో 1878లో ఈ కథను ప్రకటించి, 1880లో పుస్తకముగ వెలువరించిరి. దీనిని వారు నవల యనక వచనప్రబంధమనిరి. గోల్డుస్మిత్తు అను ఆంగ్ల రచయిత 1766లో ప్రకటించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ వారికి మార్గము చూపినను, మనుష్యులును ఆచారములును అచ్చముగ తెలుగువే. రెవరెండు హచిన్సను గారు దీనిని ఆంగ్లీకరింపగా, 1887లో లండనున ‘ఫార్చ్యూన్స్ వీల్’ అను పేర నచ్చయ్యెను.

కథ యిట్టిది. రాజశేఖరుడు ధనవంతుడు, ఉదారుడు. ఆయన భార్య మాణిక్యాంబ. రుక్మిణి, సీత యను కుమార్తెలును, సుబ్రహ్మణ్యమను కుమారుడును గలరు. ఆయన చుట్టును ముఖస్తుతి చేయువారెల్లప్పుడును మూగియుందురు. ఆయన యేమన్నను వారికి వేదవాక్యమే. ఇంతలో స్వర్ణము చేయు విద్య తనకు తెలియునని యొక బైరాగి చేరును. ఇంటనున్న బంగారము వాని చేతికి పోవును. పిమ్మట బైరాగియు కనబడడు. సంపద తరిగిన కొలది అరుగు మీది జనమును తరుగుదురు. తుదకు రాజశేఖరుడు కుటుంబముతో కాశీయాత్ర యని యిల్లు వెడలును. దారిలో నా కుటుంబము పడు బాధలు పెక్కు.

ఇందలి పరిహాసము పనిచేయు విధమును విద్యార్థులు గ్రహింపవలెను. గ్రంథకర్త యెవ్వరిని తిట్టడు. స్తోత్రపాఠకులను తమ నోటనే మాటలాడనిచ్చును. ఆ పొగడ్తల వెనుకనున్న యాకలి చదువరికి వెంటనే తెలియును. రాజశేఖరునికి మాత్రము తెలియదు. మనము నవ్వుదుము, నవ్విన పిమ్మట, మనలను పొగడినవారి మాటలు జ్ఞప్తికి వచ్చి, నవ్వు ఆగిపోవును.

గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’తో పోల్చినచో ఈ భేదము మరింత స్పష్టమగును. 1892లో తొలుత ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన ఆ నాటకమున గిరీశము సభలలో సంస్కర్త, చాటున భోగలోలుడు. తాను మోసగించుచున్నట్లు వానికి తెలియును. రాజశేఖరు డట్టివాడు కాడు, మంచివాడే. లోకము తన కిచ్చిన పేరును తానే నమ్మినాడు. గిరీశము వంటివానిని మనము దూరముంచవచ్చును. రాజశేఖరుడు మన యింటనే యుండవచ్చును, మనమే కావచ్చును.

మన సోమశిలవారి కిది దృష్టాంతము లేక యే తెలియగలదు. శ్రీశైల జలాశయము నిండియున్న దినములలో కృష్ణ యంతయు నొక్క సమతలము. నీరు తీసిన వేసవిలో ఆవలి దరిని సంగమేశ్వరాలయపు గోడలును, అడుగునున్న బురదయు, రాళ్లును ఒక్కటొక్కటే బయటపడును. సంపదయు నట్లే. అది తీసిన నాడు రాజశేఖరునికి మిత్రుడెవడో, తన యింటి బలమెంతయో కనబడెను.

కథలో వేషధారి మరియొక డున్నాడు. రామరాజు పేరుతో సామాన్యునివలె తిరుగు ఆ పురుషుడు తుదకు పెద్దాపుర ప్రభువని తేలును. లేని గొప్ప చూపువారి నడుమ, ఉన్న గొప్పను దాచి ప్రజల కష్టము తెలిసికొన్నవా డాతడు. ఆ కుటుంబమునకు తోడ్పడినదియు నాతడే.

కావున తల్లిదండ్రులారా, కుమార్తె పెండ్లికి అప్పు చేయబోవు నాడు, ఆ ఖర్చు బిడ్డ సుఖమునకో, పందిటిలో కూర్చున్నవారి మాటకో యని యొక్కమారు విచారింపుడు. పందిరి మూడునాళ్లలో విప్పుదురు. వడ్డీ మాత్రము పొలము మీద నిలుచును. విద్యార్థులారా, ప్రక్కవాని పలకను చూచి వ్రాసిన లెక్కకు వచ్చు మార్కులును అట్టి పందిరియే. మిమ్ము మెచ్చుకొనువారు పలువు రుందురు. మీ తప్పును మొగము మీద చెప్పువా డొక్కడున్నచో, వానిని పోగొట్టుకొనకుడు. రాజశేఖరుని అరుగు మీద లేనివా డతడే.